కొబ్బరి రైతుల కంపెనీలో ఏ నిర్ణయం ఎవరిది? మా అనుభవం

కొబ్బరి రేటు రోజూ కదులుతుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ నుంచి ఫోన్ వచ్చి, లారీ గట్టు మీద నిలబడితే మధ్యాహ్నంలోగా సరే అనో వద్దు అనో చెప్పాలి. చట్టం చూస్తే బోర్డు సమావేశానికి 7 రోజుల ముందు, సర్వసభ్య సమావేశానికి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వమంటుంది. అందుకే చాలా రైతు కంపెనీల్లో ధర చెప్పే అధికారం, ఎవరూ ఇవ్వకుండానే, ఒక మనిషి చేతిలోకి వెళ్లిపోతుంది. ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్లదే మాట. ఆ మనిషి ఎంత మంచివాడైనా ఇది మంచిది కాదు. రేటు తిరగబడిన రోజున నష్టం వందల మందిది, నింద ఒక్కడిది అవుతుంది.

కోనసీమలో కొబ్బరి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ఒకటి రిజిస్ట్రేషన్‌కు ముందు నుంచి మూడో ఏడు దాకా నిలదొక్కుకునే పనిలో మేం ఉన్నాం. ఇక్కడ రాస్తున్నది ఒక్క సంగతే: ఏ నిర్ణయం ఎవరిదో ఎలా తేల్చుకున్నాం, కాగితం మీదికి ఎలా తెచ్చాం, అది ఎక్కడ చెడుతుంది. చేపలకైనా పాలకైనా అరటికైనా పద్ధతి ఇదే పనికొస్తుంది, అంకెలు మార్చుకోవాలి.

చట్టం ఇచ్చిన చట్రం

2013 కంపెనీల చట్టంలో 21-ఎ అధ్యాయం ఉత్పత్తిదారుల కంపెనీలది. 2020 సవరణతో అందులోకి వచ్చింది. అంతకుముందు 2003 నుంచి పాత 1956 చట్టంలో ఉండేది. కనీసం పది మంది ఉత్పత్తిదారులుంటే కంపెనీ పెట్టవచ్చు. డైరెక్టర్లు 5 నుంచి 15 మంది. వ్యక్తులే సభ్యులైతే ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు. రెండెకరాల తోట ఉన్నవాడిదీ ఇరవై ఎకరాలున్నవాడిదీ ఒకటే లెక్క. బోర్డు మూడు నెలలకోసారి, ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి. డైరెక్టర్లలో మూడో వంతు, ముగ్గురికి తగ్గకుండా హాజరైతే కోరం (సమావేశం చెల్లటానికి కావలసిన కనీస హాజరు). సర్వసభ్య సమావేశానికి మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు రావాలి.

సీఈఓ (కంపెనీని రోజూ నడిపే ముఖ్య అధికారి) పూర్తికాలం ఉద్యోగి, సభ్యులు కానివారిలోంచి బోర్డు నియమించాలి. హోదా రీత్యా ఆయన కూడా డైరెక్టరే. ఊళ్లో బాగా తిరిగే సభ్యుడినే సీఈఓ చేసేద్దామన్న మాట ప్రతిచోటా వస్తుంది. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవటమే మేలు కూడా. బయటివాడైన సీఈఓకు తన కాయకు తనే ధర కట్టే ఇరకాటం ఉండదు.

10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల కేంద్ర పథకం 2020లో వచ్చింది. దాని కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మూడేళ్లకు కలిపి నిర్వహణ ఖర్చుకు 18 లక్షల రూపాయల దాకా, సభ్యుడికి 2,000 చొప్పున 15 లక్షలకు మించకుండా వాటా ధనానికి జత గ్రాంటు (సభ్యులు కట్టిన వాటాకు సమానంగా ఇచ్చేది) ఇస్తారు. సీఈఓ జీతం ఈ 18 లక్షల్లోంచే పోతుంది కాబట్టి, మూడేళ్ల తర్వాత ఆ జీతం ఏ పద్దులోంచి వస్తుందన్నది రెండో ఏడాదే ఎజెండాలో పెట్టాలి. ఆఖరి నెలలో పెడితే మిగిలేది ఒకే దారి, కంపెనీకి తాళం.

సభ్యుడు ఎవరు కావచ్చు

ఇది కాగితాల పని అనుకుని తేలిగ్గా వదిలేస్తారు. అసలు తగాదాలన్నీ ఇక్కడ పుడతాయి. కంపెనీ వ్యాపారానికి అడ్డుపడే వ్యాపార ప్రయోజనం ఉన్నవాళ్లు సభ్యులు కాకూడదని చట్టం చెబుతుంది. సభ్యుడయ్యాక అలాంటి వ్యాపారం మొదలుపెడితే సభ్యత్వం పోతుంది. కోనసీమలో చిన్న కొబ్బరి వ్యాపారుల్లో చాలామంది రైతులే. సొంత తోట ఉంటుంది, పక్క తోటల కాయ కూడా కొంటారు. వాళ్లను ఏం చేయాలి?

మేం పెట్టుకున్న గీటురాయి ఇది: తన కాయ తను అమ్ముకునేవాడు రైతు, ఎదుటివాడి కాయ కొని అమ్మేవాడు వ్యాపారి. చేరే ప్రతివారూ ఈ సంగతి మీద సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి. బావగారు వ్యాపారి అయితే ఫర్వాలేదు, కానీ కొనుగోలు ధర మీద చర్చ వచ్చినప్పుడు ఆ డైరెక్టరు సంగతి ముందే చెప్పి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు సమావేశం రికార్డులో, అంటే మినిట్స్‌లో రాయాలి. ఒకే ఊరు, ఒకే చుట్టరికం ఉన్నచోట ఇది కష్టంగానే ఉంటుంది. అందుకే అధ్యక్షుడు అడగక్కర్లేకుండా, ప్రతి సమావేశం ఎజెండాలో మొదటి అంశంగానే ఉంచాం. ఎవరి మీదా వేలు చూపినట్టు ఉండదు.

దీనికంటే లోతుగా ఉండేది అడ్వాన్సుల సంగతి. పెళ్లికో ఫీజులకో వ్యాపారి దగ్గర డబ్బు తీసుకున్న రైతు, తన దింపు కాయ (చెట్ల నుంచి దించిన పంట) ఆయనకే వేస్తానని మాట ఇచ్చి ఉంటాడు. అతను కంపెనీ సభ్యుడై చేతులెత్తి ఓటు వేస్తాడు, కాయ మాత్రం రాదు. తీర్మానాలు ఘనంగా ఉండి గోడౌన్ ఖాళీగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. చేరేటప్పుడే ‘ఈ ఏడాది మీ కాయలో ఎంత మీ చేతిలో ఉంది?’ అని అడిగి రాసుకోవాలి. సగం ఉందంటే సగమే లెక్కలో వేసుకోవాలి. బోర్డు కొనుగోలు లక్ష్యం ఈ లెక్క మీద నిలబడాలి గానీ ఎకరాల మీద కాదు. 25 అడుగుల ఎడం పెట్టిన తోటలో ఎకరాకు 70 చెట్ల దాకా ఉంటాయి కదా అని చెట్లతో గుణించి ప్రణాళిక వేస్తే, రాని కాయకు లారీలు పిలిచినట్టవుతుంది.

నిర్ణయాలను కాగితం ముక్కల మీద రాయటం

రిజిస్ట్రేషన్ అయ్యాక, మొదటి కొనుగోలుకు ముందు, ఊరి బృందాల వాళ్లనీ డైరెక్టర్లనీ కూర్చోబెట్టి కంపెనీలో వచ్చే నిర్ణయాలన్నీ ఒక్కో కాగితం ముక్క మీద ఒక్కోటి రాయించాం. నలభై దాకా వచ్చాయి. కాయ ధర, కొసరు ఎన్ని, చిన్న కాయ ఎంత సైజు దగ్గర తీసేయాలి, దింపు కూలి ఎవరు భరించాలి, అరువు ఎవరికి ఎంత, లారీ ఎవరిది, తూకం ఎక్కడ, డ్రయ్యర్ కొనాలా, కురిడీకి (లోపలి నీరు ఇంకిన ఎండు కాయకు) నిల్వ పెట్టాలా, కొత్త సభ్యుడిని చేర్చుకోవాలా, గుమస్తాను తీసేయాలా, ఇలా.

తర్వాత ఒక్కో ముక్కకూ మూడు ప్రశ్నలు. తప్పయితే ఎంత పోతుంది? ఎంత తొందరగా చెప్పాలి? వెనక్కి తిప్పుకోగలమా? పోయేది తక్కువ, తొందర ఎక్కువ, తిప్పుకోగలం అంటే అది సీఈఓకి. పోయేది ఎక్కువ, తొందర లేదు, తిప్పుకోలేం అంటే సర్వసభ్య సమావేశానికి. నడిమధ్యవి బోర్డుకి. ఒక ఊరికి మాత్రమే తగిలేవి, అంటే కాయ పోగేసే చోటు, దింపుల వరస, కోతకు వచ్చే రోజు, ఆ ఊరి బృందానికే. ఊరి బృందం అంటే 15, 20 మంది రైతులు.

చట్టం ముందే ఒక వరసలో పెట్టినవి ఉన్నాయి, వాటిని కదపకూడదు. బడ్జెట్, వార్షిక లెక్కలు, సభ్యులకు పంచే బోనస్, వాటాల మీద ప్రతిఫలం, డైరెక్టర్లకు ఇచ్చే అప్పుల షరతులు సర్వసభ్య సమావేశానివి. సీఈఓ నియామకం, కొత్త సభ్యుల చేరిక, విధానాలు బోర్డువి. రోజువారీ పాలన, బోర్డు ఆమోదానికి లోబడి బ్యాంకు ఖాతా నడపటం సీఈఓవి. ఈ గీతల మధ్య మిగిలిన జాగాలోనే మనం పంచుకునేది.

కష్టమైన ముక్క ఒకటే, కాయ ధర. దాన్ని మూడు తునకలు చేశాం. ధర లెక్కగట్టే సూత్రం బోర్డుది: మార్కెట్ రేటు, అందులోంచి రవాణా, పోగు, కార్యాలయ ఖర్చు తీసివేత. ఆ సూత్రం ఇచ్చిన అంకెకు అటూ ఇటూ 5 శాతం లోపల ఏ రోజు ధర ఆ రోజు చెప్పేది సీఈఓ. మార్కెట్ అంతకు మించి కదిలితే, చేతిలో కొనుగోలుదారు ఖాయమైన ఆర్డరు ఉన్నంత మేరకే, రోజుకు 20,000 కాయలు దాటకుండా సీఈఓ కొనవచ్చు. ఆ సాయంత్రమే డైరెక్టర్లందరికీ రాసి పంపాలి, తర్వాతి బోర్డులో పెట్టాలి. ఈ అనుమతి ఆరు నెలలకు దానంతట అదే ఆగిపోతుంది, బోర్డు మళ్లీ తీర్మానిస్తేనే కొనసాగుతుంది. గడువు తేదీ లేని అధికారాన్ని వెనక్కి అడగాలంటే ఎవరో ఒకరు లేచి ‘మీ మీద నమ్మకం లేదు’ అన్నట్టు మాట్లాడాల్సి వస్తుంది. గడువు ఉంటే ఆ ఇబ్బంది ఎవరికీ ఉండదు.

ఇక్కడ చాలాచోట్ల కనిపించే పొరపాటు ‘కొనుగోలు కమిటీ’. ముగ్గురు డైరెక్టర్లను కమిటీగా వేసి ధర వాళ్లే తేల్చమంటారు. బోర్డు కమిటీలు వేసుకోవచ్చు గానీ, తన అధికారాలను గానీ సీఈఓ అధికారాలను గానీ కమిటీకి అప్పగించకూడదని చట్టం స్పష్టంగా చెబుతుంది. కమిటీ సాయం చేస్తుంది, సలహా ఇస్తుంది, దాని మినిట్స్ తర్వాతి బోర్డు ముందుకు రావాలి. అంతవరకే. అలాగే వాట్సాప్ గ్రూపులో పడే బొటనవేళ్లు తీర్మానం కావు. సమాచారానికి వాట్సాప్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, నిర్ణయానికి కాదు.

కురిడీ నిల్వ సంగతి వేరే చెప్పాలి. కాయను అటకల మీద ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా ఉంచితే లోపలి నీరు ఇంకి కురిడీ అవుతుంది. కురిడీలో గండేరా, గటగట రకాలకు పచ్చికాయ కంటే ఎక్కువ ధర పలకవచ్చు. అలా అని కంపెనీ నిల్వ పెడితే సభ్యుల డబ్బు ఏడాది పాటు అటక మీదే ఉంటుంది, రేటు పడితే అందరిదీ పడుతుంది. ఇది వ్యాపార నైపుణ్యంలా కనిపించే పందెం. అందుకని మొత్తం పెట్టుబడిలో ఎంత శాతం దాకా నిల్వలో పెట్టవచ్చో సర్వసభ్య సమావేశమే తేల్చాలని కంపెనీ నియమావళిలో (ఆర్టికల్స్‌లో) రాయించాం. ఆ హద్దులోపల ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నది బోర్డుది.

‘మీరెలాగంటే అలాగేనండి’

బోర్డు గదిలో ఏం జరుగుతుందో ఇప్పుడు. మా వైపు మర్యాద ఎక్కువ. పెద్దాయన ముందు మాట్లాడాడా, ఇక మిగతావాళ్లు ‘బాబాయ్ చెప్పాక నేనేం చెప్తానండి, ఆయ్’ అని ఊరుకుంటారు. మహిళా డైరెక్టర్లు ‘మీరెలాగంటే అలాగేనండి’ అంటారు. మినిట్స్‌లో ఏకగ్రీవం అని పడుతుంది. నెల తిరిగేసరికి ఆ పది మంది డైరెక్టర్లలో ఆరుగురి కాయ వేరే గోడౌన్‌కు వెళుతుంది. ఏకగ్రీవాల వెనక దాగిన ‘కాదు’లను బయటికి తీయటమే ఈ పని మొత్తంలో విలువైనదని మా అభిప్రాయం.

నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఇంజనీరు 1970లలో తన విద్యుత్ ఇంజనీరింగ్ సంస్థలో ఒక పద్ధతి స్థిరపరిచాడు, దాన్ని సోషియోక్రసీ అంటారు. అందరూ ఇష్టపడ్డారా అని అందులో అడగరు, కారణం చెప్పగల అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడుగుతారు. ఆ పద్ధతిలోంచి మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, వరసగా అడగటం. ఎక్కువ తోట ఉన్నవాళ్లు, అధ్యక్షుడు ఆఖర్న మాట్లాడతారు. లంక గ్రామాల (గోదావరి పాయల మధ్య ఊళ్ల) వాళ్లు, ఆడవాళ్లు, చిన్న రైతులు ముందు. అడిగే ప్రశ్న కూడా మార్చాం. ‘సరేనా?’ అంటే ఎవరైనా సరే అంటారు. ‘దీనివల్ల మీ ఊరికి ఏం నష్టం?’ అంటే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, మర్యాదకు భంగం రాకుండా చెప్పవచ్చు.

రెండోది, అభ్యంతరం వస్తే ముసాయిదాను మార్చటం. కాయ పోగేసే కేంద్రం రోడ్డు మీదున్న ఊళ్లో పెడదామన్నది ఒక ప్రతిపాదన. లంక నుంచి కాయ రావాలంటే తోటలో ఒకసారి, పంటు (ఏరు దాటించే పడవ) మీదికి ఒకసారి, దిగాక ఒకసారి ఎత్తుడు కూలి పడుతుంది. ఒడ్డున ఉన్న రైతుకు ఒక్కసారే. ఓటు పెడితే ఒడ్డు ఊళ్లదే గెలుపు, వాళ్లే ఎక్కువ. అభ్యంతరం కింద తీసుకుంటే ముసాయిదా ఇలా మారింది: కేంద్రం అక్కడే, పంటు ఖర్చు వెయ్యి కాయలకు ఇంత అని హద్దు పెట్టి కంపెనీ భరిస్తుంది, రెండు దింపుల పాటు ఇలా చేసి మళ్లీ చూడాలి. ‘మళ్లీ చూసే తేదీ’ లేకుండా ఏ ముసాయిదానూ ముగించకూడదు. తాత్కాలికమని తెలిస్తే ఒప్పుకోవటం ఎంతో తేలికవుతుంది.

అభ్యంతరానికీ అయిష్టానికీ తేడా ఉండాలి. ‘నాకు నచ్చలేదు’ చాలదు, ఎవరికి ఏం చెడుతుందో చెప్పాలి. చట్టం ప్రకారం ఆఖరికి లెక్క ఓట్లే. సమంగా చీలితే అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు ఉంటుంది, అధ్యక్షుడి ఎన్నికలో తప్ప. అందుకని రెండు విడతలు తిరిగినా తేలకపోతే ఓటు పెట్టాలని ముందే రాసుకోవాలి. లేకపోతే మొండి మనిషి ఒక్కడే కంపెనీని ఆపేయగలడు.

కోరం గురించి ఇంకో మాట. పది మంది బోర్డులో నలుగురుంటే కోరం. అంటే ముగ్గురి ఓటుతో పెద్ద అప్పుకు తీర్మానం అయిపోవచ్చు. ఆస్తి కొనటం, బ్యాంకు రుణం, సీఈఓను తీసేయటం లాంటి వాటికి ఏడుగురు ఒప్పుకోవాలని మా సొంత నిబంధన పెట్టుకున్నాం.

డైరెక్టర్లు, ఊరి బృందాలు

రిజిస్ట్రేషన్ అయిన 90 రోజుల్లో డైరెక్టర్ల ఎన్నిక జరగాలి, మొదటి సర్వసభ్య సమావేశం కూడా ఆ 90 రోజుల్లోనే. పదవీకాలం ఏడాదికి తగ్గకుండా అయిదేళ్లకు మించకుండా నియమావళిలో రాసుకోవచ్చు. అందరికీ ఒకే గడువు పెడితే అందరూ ఒకేసారి దిగిపోతారు, బ్యాంకు సంతకాలు మొదలు కొనుగోలుదారుల పరిచయాల దాకా అన్నీ తెగిపోతాయి. ఏటా మూడో వంతు మారేలా పెట్టటం మేలు. నిపుణులను డైరెక్టర్లుగా తీసుకోవచ్చు గానీ మొత్తంలో అయిదో వంతుకు మించకూడదు.

ఒక్కో ఊరి బృందం నుంచి ఇద్దరు బోర్డు సమావేశానికి వస్తారు: సర్వసభ్య సమావేశంలో గెలిచిన డైరెక్టరు ఒకరు, బృందం పంపిన ప్రతినిధి ఇంకొకరు. ప్రతినిధికి ఓటు లేదు, మాట ఉంది. ఒక్కరే వెళ్లి వస్తే బోర్డులో తన ఊరి మాట మెత్తగా చెప్పి, ఊళ్లో బోర్డు మాట తన మాటగా చెబుతారు. ఇద్దరు ఉంటే ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిచేస్తారు. బృందాల సంఖ్య డైరెక్టర్ల కంటే ఎక్కువైతే రెండు మూడు పక్క ఊళ్లను ఒక జట్టుగా కట్టాలి. ఆ జట్లు కట్టేటప్పుడు ఏటికి అటున్న ఊరినీ ఇటున్న ఊరినీ కలపకండి. మ్యాపులో దగ్గరే, సమావేశానికి రావాలంటే దూరం.

లెక్క వెయ్యి కాయలకు చెప్పాలి

బ్యాలెన్స్ షీటు చదివి వినిపిస్తే తలలు ఊగుతాయి, ప్రశ్నలు రావు. కోనసీమ రైతుకు లెక్క వెయ్యి కాయలకు. అలాగే చెప్పాలి. గుండ్రటి అంకెలతో ఒక ఉదాహరణ చూపిస్తాం: వెయ్యి కాయలు 15,000కు అమ్మాం. కాయ దించుకున్నప్పుడు రైతుకు 13,000 ఇచ్చాం. రవాణా, ఎత్తుడు 500. మొలక, పగులు, చిన్న కాయ కింద 40 పోయాయి, అంటే 600. కార్యాలయం 300. మిగిలింది 600. ఈ ఆరు వందలు ఎవరివన్నదే పాలన ప్రశ్న.

సరుకు ఇచ్చినప్పుడు బోర్డు నిర్ణయించిన మేరకే చెల్లించి, మిగతాది ఆపి ఉంచి తర్వాత నగదుగానో సరుకుగానో వాటాలుగానో ఇవ్వటానికి చట్టం వీలిస్తుంది. ఎంత ఆపాలో బోర్డు చెబుతుంది. మిగులును వాటాలను బట్టి కాకుండా, ఎవరు ఎంత వ్యాపారం చేశారన్న లెక్కన బోనస్‌గా పంచటం సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. చెడేది ఎక్కడంటే, ఆపిన డబ్బు రైతు కంటికి కనిపించకపోతే కంపెనీ మింగేసిందన్న మాట ఊరంతా పాకుతుంది. సభ్యుడి పాసు పుస్తకంలో ‘ఇచ్చినది’ పక్కన ‘ఆపినది’ అని గడి ఉండాలి, ప్రతి దింపుకూ నింపాలి. పది రూపాయల ముద్రణ ఖర్చుతో పోయే అనుమానం అది.

గోడౌన్ గుమ్మం దగ్గర గ్రేడింగు ఇంకో నిప్పు. గుమస్తా ఒక్కడే కాయ తీసేస్తే పగ పెరుగుతుంది. గుమస్తా, ఆ రోజు వంతు వచ్చిన ఇంకో ఊరి రైతు కలిసి చూడాలి. కాయ తెచ్చిన రైతు ఎదురుగా ఉండాలి. ఆ రైతు ఒప్పుకోకపోతే రాశిలోంచి కళ్లు మూసుకుని వంద కాయలు తీసి, అందులో ఎన్ని పోతే మొత్తానికి అదే శాతం. ఈ పద్ధతి వచ్చాక తగాదాలు బోర్డు దాకా రావటం బాగా తగ్గింది. అయినా తేలని వివాదాలకు రాజీ లేదా 1996 మధ్యవర్తిత్వ చట్టం కింద మధ్యవర్తి, కంపెనీల చట్టం చూపిన దారి అదే.

సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టాలి

ఆరు వందల మంది సభ్యులుంటే 150 మంది వచ్చి కూర్చోవాలి. పని వేళల్లో జరగాలి, ప్రభుత్వ సెలవు రోజున పెట్టకూడదు. నోటీసుతో పాటు ఎజెండా, పోయినసారి మినిట్స్, ఆడిట్ అయిన లెక్కలు, డైరెక్టర్లుగా నిలబడేవాళ్ల పేర్లు, అర్హతలు పంపాలి. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆడిటరు నెమ్మదిస్తే ఆగస్టు వచ్చేస్తుంది, సరిగ్గా గోదావరి పోటు మీద ఉండే నెల. లంకలు మునిగితే ఆ ఊళ్ల వాళ్లు లేకుండానే కోరం నిండుతుంది, వాళ్లకు తగిలే తీర్మానాలు వాళ్లు లేకుండా అయిపోతాయి. అందుకని పుస్తకాలు ఏప్రిల్‌లోనే ఆడిటరు చేతిలో పెట్టి, వరదలకు ముందే, సార్వా నాట్ల హడావుడి చూసుకుని రోజు ఎంచుకోవాలి. అది కుదరకపోతే వరద తీశాక సెప్టెంబరులో.

సమావేశానికి ముందు పది రోజుల్లో ప్రతి ఊళ్లోనూ చిన్న సమావేశం పెట్టి అవే లెక్కలు చదవాలి. పెద్ద సభలో లేచి అడగని మనిషి తన అరుగు మీద నిలదీస్తాడు. అక్కడ వచ్చిన ప్రశ్నలు రాసుకుని, పెద్ద సభలో అధ్యక్షుడే వాటిని ఊరి పేరుతో చదివి జవాబు చెప్పాలి. అప్పుడు 150 మంది రావటం కష్టం కాదు, తమ ప్రశ్నకు ఏం చెబుతారో వినటానికి వస్తారు.

మినిట్స్ తెలుగులో, సభ ముగిసేలోపు రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకాలు. ఒక్కో తీర్మానానికీ ఏం నిర్ణయించారు, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎంత ఖర్చు దాకా, మళ్లీ చూసే తేదీ, అభ్యంతరం ఎవరిది ఏమిటి అన్నవి ఉండాలి. పట్నంలో కన్సల్టెంటు జరగని సమావేశాలకు ఇంగ్లీషులో మినిట్స్ తయారు చేసి సంతకాలకు పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. దానికి లొంగకూడదు. డైరెక్టరుగా సంతకం పెట్టిన రైతు, రేపు ఆ కాగితానికి బాధ్యుడు. ఫైలింగుకు ఇంగ్లీషు ప్రతి కావాలంటే తెలుగు మినిట్స్‌కు అనువాదం చేయించి, రెండూ కలిపి కుట్టి ఉంచాలి.

మూడో ఏట తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: కాయ వేయని సభ్యుడికి ఓటు ఎందుకు? ఓటు హక్కును చురుకైన సభ్యులకే పరిమితం చేసుకోవటానికి నియమావళిలో రాసుకునే వీలు చట్టం ఇచ్చింది. మా మాట ఏమిటంటే తొందరపడవద్దు. కాయ వేయని వాళ్లలో వ్యాపారి అడ్వాన్సు కింద నలిగేవాళ్లు, ఆ ఏడు తుఫానుకు చెట్లు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. కంపెనీ ఎవరి కోసం పెట్టామో ముందుగా బయటికి పోయేది వాళ్లే. ముందు జాబితా తీసి, ఊరి బృందాల్లో ఒక్కొక్కరి కారణం రాయించండి. అడ్వాన్సు కారణమైతే, సభ్యులకు కంపెనీ వ్యాపారానికి సంబంధించి ఆరు నెలలకు మించని అరువు ఇవ్వటానికి చట్టంలో వీలుంది, అది వాడి చూడండి. ఆ తర్వాత కూడా రెండేళ్లు వరసగా, కారణం లేకుండా, ఒప్పుకున్న దాంట్లో నాలుగో వంతు కూడా వేయని వాళ్లకు మాత్రమే ఓటు ఆపేలా సవరణ ముసాయిదా రాసి, మళ్లీ కాయ వేసిన ఏడాదే ఓటు తిరిగి వచ్చే వాక్యం అందులోనే పెట్టి, సర్వసభ్య సమావేశం ముందుకు తీసుకెళ్లండి.